ఊరి పేరు మౌలాలికొట్టాల

ఫిబ్రవరి 3, శుక్రవారం. ప్రొద్దుటూరు.

నిన్న సాయంత్రం ఐదుంపావుకు కొత్త కాలనీ కమాను మీద రెండు నాటుబాంబులు వేశారు. ఒకటి పేలింది. రెండోదాన్ని పోలీసులు బక్కెట్టు నీళ్లలో వేసి తీసుకుపోయారు. కమాను మీద రహమతుల్లా నీలం రంగుతో రాసిన 'మౌలాలికొట్టాల'లో సగం రాలిపోయింది. నీడకు పడుకున్న గేదె దూడ ఒకటి చచ్చింది. మనుషులకు దెబ్బలు లేవు.

సుధన్వ అన్నం తింటూ చెప్పాడు. తింటూ మాట్లాడవద్దన్నాను. నా కూతురి కొడుకే, కానీ పద్నాలుగు నెలలుగా ఆ ఊరి పంచాయతీ సెక్రటరీ. ఆ ఊరి సంగతి వచ్చిందంటే కంచం ముందర కూడా సెక్రటరీయే.

ఊరు రిజర్వాయరు నీళ్లలో మునిగి రెండేళ్లు దాటింది. 212 ఇళ్ల వాళ్లను జమ్మలమడుగు రోడ్డులో తెచ్చి పెట్టారు. కాగితాల్లో దాని పేరు 'పునరావాస కేంద్రం నాలుగు'. మార్చి 5 ఆదివారం బొడ్రాయి నిలబెడతారు. ఇంటికొక బిందె చొప్పున రాయి మీద నీళ్లు పోసి, ఊరి పేరు మూడుసార్లు పిలుస్తారు. ఆ రోజు పిలిచిందే పేరు.

అర్జీలు రెండు. పాత పేరే ఉండాలని ఒకటి. రెండోది రెడ్ల ఇంటి పవన్‌ది: వాళ్ల తాత పేరు మీద 'ఓబుళరెడ్డి నగర్' కావాలని. పాత పేరు ఎందుకు వచ్చిందో చరిత్ర రాసి పంపమని పై ఆఫీసు వాళ్లు సుధన్వను అడిగారు.

"కరణాల ఇంటి కాగితాలన్నీ నీ దగ్గరే ఉన్నాయి గదా అవ్వా. ఒకటిన్నర పేజీ రాసియ్యి చాలు" అన్నాడు.

ముప్పైఒక్క ఏళ్లు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ఒకటిన్నర పేజీకి భయమేమిటి?

ఫిబ్రవరి 5, ఆదివారం.

ట్రంకుపెట్టె దింపించాను. ఫసలి 1328, అంటే 1919 నాటి జనన మరణ రిజిస్టరు దొరికింది. అట్టకు చెద పట్టింది, లోపల బాగుంది. మా వారి తాతగారు కరణం వేంకోబరావుగారి దస్తూరి. ముత్యాల్లాంటి అక్షరాలు.

'మౌలాలి, వయస్సు 34, ఊరబావి కావలి. నీళ్లు తోడుచు కాలు జారి బావిలో పడి మృతి.'

దాని ప్రకారమే రాశాను. అంతకు ముందు ఊరి పేరు నారపరెడ్డికొట్టాల. పవన్ వాళ్ల పూర్వీకుడు నారపరెడ్డి పశువుల కొట్టాలే మొదట అక్కడ ఉండేవి. మౌలాలి పోయాక ఊరివాళ్లు అతని పేరుతో పిలుచుకున్నారు. ఆధారం: రిజిస్టరు, పుట 41.

రిజిస్టరు కింద ఇంకో కాగితం ఉంది. దానికి స్టాంపు లేదు, సీలు లేదు, పైకి నకలు పోలేదు. సీలు లేని కాగితం పొట్లం కట్టుకోవడానికి అనేవారు మా మామగారు. తీయలేదు. ఉన్నచోటే ఉంచాను.

ఫిబ్రవరి 6, సోమవారం.

సుధన్వకు ఇచ్చాను. రిజిస్టరులో ఉన్నదే రాశాను.

ఫిబ్రవరి 11, శనివారం.

రహమతుల్లా వచ్చాడు. యాభై ఎనిమిదేళ్లు. బోర్డులు రాస్తాడు. మౌలాలికి ముని మనవడు. జమ్మలమడుగు హైస్కూల్లో నా విద్యార్థి. కూర్చోమంటే, "వద్దులే టీచరమ్మా, గుడ్డలకు రంగుంది" అని గడప దగ్గరే నిలబడ్డాడు.

"నిన్న సభలో మీ పిల్లోడు సదివినాడు. మా తాతోళ్ల నాయన కాలు జారి పడినాడంట గదా."

"రిజిస్టరులో అట్లే ఉంది."

"పవన్ మైకు తీసుకోని ఏమన్యాడో చెప్పినాడా? కాలు జారినోళ్ల పేర్లన్నీ పెట్టుకుంటా పోతే సీమలో ఊర్లు చాలవప్పా, అన్యాడు. అందరూ నగినారు. నేనూ నగినా. ఏం జేసేది, మాట బాగుంది."

చేతిలో టవలు మడిచాడు, విప్పాడు.

"మా జేజి చెప్పేది వేరే. నారపరెడ్డి కొట్టి బాయిలో ఏసినాడని. దానికి కాయితం రాసుకున్యారంట, కరణం ఇంట్లో ఉందంట. ఉందా టీచరమ్మా, అట్లాంటిది?"

"ఇంకే రికార్డూ లేదు" అన్నాను.

స్టాంపు లేనిది రికార్డు కాదు. కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదు.

"మీరు లేదంటే లేదులే" అన్నాడు. "ఎనిమిదో తరగతిలో నాకు ముప్పైనాలుగు మార్కులేసి ఫెయిలు జేసినారు. ఒక్క మార్కు కలపండని మా నాయన వచ్చి అడిగితే, లేనిది యాడ నుంచి తెచ్చేది అన్యారు. ఆ పొద్దు నుంచి మీ మాటంటే నాకు శానా గురి."

మంగళవారం కమాను మీద మళ్లీ రాస్తానన్నాడు. ఆగమన్నాను. "పేరు రాస్తే సంపుతారా టీచరమ్మా?" అని నవ్వాడు. వినలేదు.

ఫిబ్రవరి 14, మంగళవారం.

సుధన్వ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

పగలు పదకొండు నలభై. వీడు ఆఫీసు కిటికీ దగ్గర ఉన్నాడు. కమాను ముప్పై అడుగుల దూరం. రహమతుల్లా నిచ్చెన మీద ఉన్నాడు. నలుగురు వచ్చారు, అందులో పవన్ ఒకడు. ఇద్దరు నిచ్చెన లాగారు. రహమతుల్లా పడ్డాడు గానీ చావలేదు. లేచి కూర్చున్నాడు. కుంచె ఎక్కడ పడిందా అని చుట్టూ వెతుక్కున్నాడు. "ఏందప్పా ఇది" అన్నాడు. బొడ్రాయి గుంత తవ్వుతున్న చోట గడారి ఉంది. పవన్ అది తెచ్చి తల మీద కొట్టాడు. రెండుసార్లు. మూడోసారి నేలకు తగిలింది.

తర్వాత పవన్ కిటికీ వైపు చూశాడు. "నిచ్చెన జారింది. సూసినావు గదా సారూ" అన్నాడు.

108 వచ్చేసరికి ఊపిరి లేదు. పన్నెండూ ఐదు. తల సుధన్వ ఒళ్లోనే ఉంది.

చొక్కా చల్లటి ఉప్పునీళ్లలో నానబెట్టాను. వేడినీళ్లు పోస్తే రక్తం గట్టిపడుతుంది. మూడుసార్లు నీళ్లు మార్చాక రక్తం పోయింది. నీలం రంగు పోలేదు.

ఫిబ్రవరి 15, బుధవారం.

రిజిస్టరులో ఉన్నదే రాశాను.

ఫిబ్రవరి 17, శుక్రవారం.

తిరుపాలమ్మ వచ్చింది. పవన్ నాయనమ్మ. ఊరికి పేరు పెడతామంటున్న ఓబుళరెడ్డి భార్య. 1974లో నేను కరణాల ఇంటికి, ఆమె రెడ్ల ఇంటికి ఒకే నెలలో కోడళ్లుగా వచ్చాం. ఎప్పుడూ వస్తే పెరుగు ముంత తెచ్చేది. ఈసారి ఉత్త చేతులు.

కూర్చోకముందే చెప్పింది. "సీతమ్మా, సావు రిజిస్టరు మీ వానిదే గదా. నిచ్చెన మింద నుంచి కాలు జారి సచ్చినాడని రాపిచ్చు."

"పోలీసులు ఉన్నారు. వాళ్లు చూసుకుంటారు."

"వాళ్లు అనుమానమని రాసుకున్యారు. సూసినోడు రాలేదన్యారు. సూసినోడు ఒక్కడే, మీ వాడు. వాడు కాలు జారిందని రాస్తే ఆడికి సరి."

"రాయకపోతే?"

"రాయకపోతే నీకు మనవడుండడు." ఆమె గొంతు పెంచలేదు. "పవన్ చెప్పి పంపినాడనుకునేవు. వాడు చెప్పి పంపేవాడు గాదు, చేసేవాడు. నేనే వచ్చినా. మా ఆయన్ను బస్టాండులో నరికితే పదిహేడు తునకలు, సీతమ్మా. నా కొంగులో నేనే ఏరుకున్యా. ఆ పని నీకు వద్దనే చెప్తాండా."

మంచినీళ్లు ఇచ్చాను. తాగబోయి ఆగింది.

"నేను కాపరానికి వచ్చిన పొద్దు మా అత్త బాయి కాడికి పిల్చుకపోయింది. తొలి బిందె ముంచే ముందర మౌలాలి, మౌలాలి, మౌలాలి అనమన్యాది. ఎందుకత్తా అంటే మూతి మింద కొట్టింది. మా ఇంటి ఆడోళ్లందరూ అన్యారు. దినామూ అన్యా. ఎందుకో నీకు తెలుసు. మా మామ చెప్పేవాడు, కాయితం కరణమోళ్ల కాడ ఉందని."

"సీలు లేని కాగితం అది" అన్నాను.

"ఉంది గదా మళ్ల? కాల్చెయ్. మీ వానికీ మంచిది, మా వానికీ మంచిది."

నీళ్లు తాగకుండానే పోయింది.

ఫిబ్రవరి 18, శనివారం.

సుధన్వతో చెప్పాను, కాలు జారి అని రాయమని.

"నేను చూశాను అవ్వా."

"నిచ్చెన మీద నుంచి పడ్డాడా లేదా?"

"పడ్డాడు."

"అదే రాయి. అందులో అబద్ధం లేదు. తర్వాత జరిగింది రాయడానికి ఆ ఫారంలో చోటు లేదు. మరణ కారణం గడి వెడల్పు రెండంగుళాలు."

నా ముఖంలోకి చూశాడు. వాడు పుట్టినప్పటి నుంచి నన్ను అట్లా చూసింది లేదు. కంచంలో చేయి కడుక్కుని లేచాడు. అన్నం పారేయడం ఈ ఇంట్లో లేదు. ఈరోజు ఆ కంచం నేనే తీసి కడిగాను.

ఫిబ్రవరి 22, బుధవారం.

మధ్యాహ్నం రెండు గంటలకు బైపాసులో సుధన్వ స్కూటరును బొలెరోతో గుద్దారు. లేవబోతే సైకిలు చైన్లతో కొట్టారు. ఎడమ జబ్బ ఎముక విరిగింది. పక్కటెముకలు రెండు. చెవి వెనక ఆరు కుట్లు. స్కూటరు మీద పెట్రోలు పోసి అంటించారు. రోడ్డు మీద లారీలు ఆగాయి, మనుషులు దిగలేదు.

పోతూ ఒకడు వంగి చెవిలో అన్నాడట: "ఇరవై ఒక్క దినాల గడువు సారూ. మార్చి ఏడు."

చావు నమోదుకు ఉన్న గడువు కూడా సరిగ్గా లెక్క వేసుకున్నారు.

ఫారం నేనే నింపాను. 'నిచ్చెనపై నుండి కాలు జారి పడి మృతి.' మంచం దగ్గరికి తీసుకుపోయి కలం చేతికిచ్చాను. కుడిచేయి బాగానే ఉంది. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నాకు వీడు తప్ప ఎవరున్నారు? వీడు బతకాలి. అంతే.

ఫిబ్రవరి 23, గురువారం.

సంతకం పెట్టలేదు.

ఫిబ్రవరి 24, శుక్రవారం.

వేంపల్లె నుంచి జరీనా వచ్చింది. రహమతుల్లా కూతురు. ఆసుపత్రికి సుధన్వను చూడడానికి వచ్చి, వాణ్ని అడిగింది: "మా నాయన ఆఖర్న ఏమన్యాడు?" వాడు చెప్పాడు. కుంచె వెతుక్కున్నాడని కూడా చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు. వాని విరిగిన చేయి కింద దిండు సర్దింది. ఎవరి పేరూ అడగలేదు, సాక్ష్యం చెప్పమని అడగలేదు. పోతూ నాకు దండం పెట్టింది, టీచరమ్మా అని.

ఇంటికి వచ్చి వేంకోబరావుగారి రిజిస్టరు, నేను నింపిన ఫారం బల్ల మీద పక్కపక్కన పెట్టాను. నూట నాలుగేళ్ల తేడా. దస్తూరి వేరు, అంతే.

కింద ఉన్న కాగితం తీశాను. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను, అక్షరం మార్చకుండా:

'నారపరెడ్డి అను నేను కరువుకాలమున ఊరి తాగునీటి బావికి నా తోట తడుపుకొనుటకు కపిల కట్టబోగా, బావి కావలి మౌలాలి అడ్డుపడినందున, కోపముచే గడారితో తలమీద కొట్టి బావిలో వేసితిని. పదునొకండు దినములు ఊరివారెవ్వరును ఆ నీరు ముట్టలేదు, నా పొలములోనికి రాలేదు. మౌలాలి భార్య హుసేనమ్మ బిడ్డతో బావిగట్టున కూర్చున్నది. నేను ఇయ్యజూపిన భూమి, రూకలు తీసికొనలేదు. ఈ ఊరికి నా పేరు తీసివేసి తన పెనిమిటి పేరు పెట్టవలయుననియు, నా ఇంటివారి నోటివెంట దినమూ ఆ పేరు రావలయుననియు కోరినది. పెద్దల యెదుట ఒప్పుకొంటిని. ఊరు ఉన్నంతవరకు ఈ పేరు మార్చుటకు నాకును నా సంతతికిని హక్కు లేదు.'

వేలిముద్ర. కింద ఐదుగురి సంతకాలు. అన్నిటి కన్నా కింద, వేంకోబరావుగారిది:

'రిజిస్టరునందు కాలు జారినట్లు వ్రాసినది నేనే. అది అబద్ధము.'

ఇది నేను ఈరోజు చదవలేదు. 1974లో చదివాను. మా వారు గురురాజారావుగారు చూసి, "పెట్టెలో పెట్టెయ్యి, మన వంశం పరువు" అన్నారు. పెట్టాను. నలభై తొమ్మిదేళ్లు. అబద్ధం రాసినాయన తాను అబద్ధం రాశానని ఒప్పుకున్నాడు. దాచింది నేను.

ఫిబ్రవరి 25, శనివారం.

జిరాక్సులు ఆరు తీయించాను.

మార్చి 5, ఆదివారం.

వరుస తప్పకుండా రాయాలి.

ఎనిమిది గంటలకు ఊరి కట్టు వేశారు. నాలుగు దిక్కులా వేపాకు తాడు కట్టాక రాయి నిలిచేదాకా లోపలివాళ్లు బయటికి పోకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. సుధన్వ వద్దన్నా వచ్చాడు, చేతికి కట్టుతో. పోలీసులు ఇద్దరు. తాడు బయటే ఉన్నారు.

గుంత పక్కన రాయి పడుకోబెట్టి ఉంది. చుట్టూ బిందెలతో ఆడవాళ్లు. పవన్ మైకు దగ్గర ఉన్నాడు. నేను చదవాలి అన్నాను. మైకు ఆపేశారు. ఎనభై మంది పిల్లల క్లాసులో మైకు లేకుండానే చెప్పాను ఇన్నేళ్లు. చదివాను. వేలిముద్ర దాకా చదివాను, వేంకోబరావుగారి మాట కూడా చదివాను.

పవన్ వచ్చి కాగితం లాక్కుని నాలుగు ముక్కలు చేశాడు.

"అది జిరాక్సు" అన్నాను.

ఎక్కడో ఒక ముసలాయన నవ్వాడు. పవన్ ముఖం మారింది. "టీచరమ్మా, పెద్దదానివని సూస్తాండా. నీ మనవడు నిలబన్యాడు సూడు ఆడ. ఇంగో చెయ్యి కూడా ఉంది వానికి."

"ఉంది" అన్నాను. "దాంతోనే సంతకం పెడతాడు."

బిందెలు మొదలు పెట్టమన్నారు. మొదటి బిందె మౌలాలి ఇంటిది కావాలని పూజారి అన్నాడు, పాత ఊళ్లో అదే వాడుక. జరీనా బిందెతో ముందుకు వచ్చింది, పోయలేదు. "పేరు వాళ్ల నోటెంట రావల్ల. మా జేజమ్మ అదే అడిగింది. వచ్చినాక పోస్తా" అంది. ఒక్క బిందె తక్కువైనా రాయి నిలవదు. అందరికీ తెలుసు. పవన్ బిందెను తన్నాడు. బిందె అంచు తగిలి జరీనా మోకాలు చిట్లింది.

అప్పుడు తిరుపాలమ్మ లేచింది. డెబ్బైరెండేళ్ల మనిషి, సొంత బిందె చంకన పెట్టుకుని వచ్చి రాయి ముందర నిలబడింది. "మౌలాలికొట్టాల" అంది.

"జేజీ, నోరు మూసుకో" అన్నాడు పవన్.

"యాభై ఏండ్లు అన్యా రా. నా నోరేమన్నా అరిగిపోయిందా? నువ్వు గూడా అను. మౌలాలికొట్టాల."

వాడి చేతిలో పందిరి గుంజ ఉంది. జబ్బ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. బిందె పడిపోయింది. ఆమె మోకాళ్ల మీద కూలబడి, పెదవి కొరుక్కుని, నోట్లో రక్తంతో మూడోసారి అంది. స్పష్టంగా అంది.

ఆ తర్వాత రాళ్లు. ఎవరు మొదట వేశారో నేను చూడలేదు, కాబట్టి రాయను. పవన్ మనుషులు ఒక బాంబు వేశారు, గుంతలో పడి పేలింది. పన్నెండు మందికి దెబ్బలు. ఒక పిల్లకు కన్ను పోయిందంటున్నారు, ఇంకా తెలియదు. పవన్ వేపాకు తాడు తెంపుకుని బయటికి పరుగెత్తాడు. పోలీసులు అక్కడే పట్టుకున్నారు. మిగతా ముగ్గురు దొరకలేదు.

జరీనా సొట్టపడిన బిందె మళ్లీ నింపుకొచ్చింది. పన్నెండున్నరకు రాయి నిలిచింది. 212 బిందెలు, నేను లెక్క పెట్టాను. గుంతలో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. మట్టి కూడా ఎర్రదే, ఎంత దేనివల్లో చెప్పలేను.

తిరుపాలమ్మను జీపులో ఎక్కించేటప్పుడు దగ్గరికి పోయాను. "పో అవతలికి" అంది. "కాల్చెయ్ అంటే వినకపోతివి. మా వాణ్ని జైల్లో పెట్టిస్తివి." తర్వాత, "మీ వాణ్ని ఒంటిగా తిప్పద్దు. ముగ్గురు బయటున్యారు" అంది.

మార్చి 6, సోమవారం.

నేను నింపిన ఫారం మీద అడ్డగీత కొట్టి, రద్దు అని రాసి, తేదీ వేశాను. సుధన్వ ఇంకోటి నింపాడు. 'గడారితో తలపై కొట్టినందున.' గడిలో పట్టింది.

మార్చి 9, గురువారం.

ఉదయం బస్సులో జమ్మలమడుగు. సుధన్వను కిటికీ వైపు కూర్చోబెట్టి నేను దారి వైపు కూర్చున్నాను. వెనక సీట్లో ఇద్దరు. దువ్వూరుకు పోవాల్సిన వాళ్లమని కండక్టరుతో అన్నారు. ఈ బస్సు దువ్వూరు పోదు. దిగలేదు. డెబ్బై ఒక్క ఏళ్ల ఒళ్లు కత్తిని ఆపదని తెలుసు, అయినా నన్ను దాటి పోవాలి కదా.

కోర్టులో సుధన్వ వాఙ్మూలం గంటా పది నిమిషాలు పట్టింది. మేజిస్ట్రేటుగారు చిన్నవయసు ఆవిడ, ఓపికగా రాయించారు. వాడు తడబడలేదు. కుంచె సంగతి దగ్గర మాత్రం నీళ్లు అడిగాడు.

తర్వాత నేను లేచాను.

"మీరు చూశారా అమ్మా, హత్య?"

"లేదండీ. ఆ రోజు నేను ప్రొద్దుటూరులో ఉన్నాను."

"అయితే మీ వాఙ్మూలం అవసరం లేదు. ఒప్పందం కాగితం అసలు ఇచ్చారు, చాలు."

"అవసరం ఉంది. రాయించండి."

గుమాస్తా ఆమె వైపు చూశాడు. ఆమె రాయమని తలూపింది. నేను చెప్పాను, గుమాస్తా రాశాడు. నాలుగు వాక్యాలు. మూడో దాంట్లో ఒక మాట వదిలేశాడు, మళ్లీ రాయించాను. చదువుకుని సంతకం పెట్టాను:

'ఫిబ్రవరి 11న రహమతుల్లా నా ఇంటికి వచ్చాడు. తన ముత్తాతను కొట్టి చంపినట్టు ఒప్పుకున్న కాగితం ఏదైనా ఉందా అని నన్ను అడిగాడు. కాగితం అతను నిలబడిన చోటికి గోడ అవతల గదిలోనే ఉంది. లేదని చెప్పాను, నమ్మాడు.'